అన్న అడిగిన పొటాష్

అన్న పోయాక ఆవులు, పశువుల కొట్టం, లూసర్న్ గడ్డి చేను అన్నీ వదిన నెత్తిన పడ్డాయి. నేను సరుకుల లారీ నడుపుతాను. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. ఇంటి పట్టున ఉన్న రోజుల్లో వదినకు చేతనైనంత సాయం చేసేవాణ్ణి. చేతనైనంత అంటే వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఆమె చాకిరీ ముందు అది ఏ మూలకూ వచ్చేది కాదు. పదకొండు ఆవులు, రెండు పూటలా పాలు. మాట మధ్యలో కూడా ఆమె కళ్ళు మూతలు పడుతుండేవి.

ఒక్కసారి వేస్తే ఏళ్ళ తరబడి కోసుకునే మేత అది. వేసి నాలుగో ఏడు. మొదట్లో మోకాలెత్తున, లోపల అడుగు పెడితే నేల కనపడనంత ఒత్తుగా పెరిగేది. ఇప్పుడు పలచబడిపోయింది. ఆకుల అంచుల్లో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఖాళీ అయిన చోటల్లా కలుపు.

"యూరియా కొడదాం వదినా, వారంలో పచ్చబడుతుంది" అన్నాను.

"పచ్చబడేది ఏది? గడ్డా, కలుపా?" అంది వదిన.

మర్నాడు చేనంతా వంకరటింకరగా తిరిగి, పదిహేను చోట్ల జానెడు లోతున మట్టి తీసి బకెట్లో కలిపింది. అందులోంచి ఓ కిలో సంచిలో పోసుకుని, ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి, నా వెంట మట్టి పరీక్షల ఆఫీసుకు వచ్చింది. అక్కడి గదిలో బల్ల నిండా చీటీలు అంటించిన సంచులే. వారం తర్వాత ఫలితాల కోసం వెళ్ళినప్పుడు పరీక్షలు చేసే ఆవిడ ఆ మొక్కనే తీసి వేళ్ళు చూపించింది.

"ఈ బుడిపెలు చూశారా అమ్మా? లూసర్న్ తనకు కావలసిన నత్రజని గాలిలోంచి తనే సంపాదించుకుంటుంది. మీరు యూరియా వేస్తే కడుపు నిండినవాడికి వడ్డించినట్టే. తినేది పక్కనున్న కలుపు. దీనికి కావాల్సింది పొటాష్. కోత కోసిన ప్రతిసారీ గడ్డితో పాటు అది కూడా బండెక్కి పోతోంది. తిరిగి వేసిందేమో లేదు."

"ఎప్పుడు వేయాలి?"

"కోత కోసి కట్టలు ఎత్తేయగానే, కొత్త చిగురు లేవకముందే. సగం ఇప్పుడు, మిగతా సగం చలి ముదరకముందు. చిగురు లేచాక ట్రాక్టర్ దింపారో, చక్రాల కింద పంట నలిగిపోయినట్టే." ఆవిడ కాగితం మీద సంతకం పెడుతూ, "ఇన్నాళ్ళూ ఏం వేశారు?" అని అడిగింది.

"మా ఆయన చూసుకునేవారు. నాకు తెలీదండి" అంది వదిన.

నాకు తెలుసు. ఆవిడ చేతిలోని కాగితం అందుకుని బయటికి నడిచాను.

కోత అయింది, కట్టలు ఎత్తారు. "మూడు రోజుల్లో వచ్చి, ట్రాక్టర్‌కు ఎరువు చల్లే మిషన్ తగిలించుకుని పని కానిచ్చేస్తా" అని చెప్పి లారీ ఎక్కాను. దారిలో ఇరుసు విరిగింది. మెకానిక్ కోసం, సామాను కోసం పడిగాపులు కాసి ఆరో రోజు పొద్దున తిరిగొచ్చాను. ఇంటికి కూడా వెళ్ళకుండా పక్క చేను వాళ్ళ ట్రాక్టర్ అడిగి తీసుకుని, మిషన్ తగిలించుకుని నేరుగా చేనుకు పోయాను.

వదిన గేటుకు అడ్డంగా నిలబడింది.

"దిగు" అంది. "చిగురు నాలుగు వేళ్ళు లేచింది. కనపడట్లేదా?"

"రెండు రోజులుగా కన్నంటుకోలేదు వదినా! నేనేమన్నా ఊరేగి వచ్చానా?"

"ఊరేగావని ఎవరన్నారు? నువ్వు అలిసిపోయావని చిగురుకేం తెలుసు? నేను అలిసిపోయానని మాత్రం దానికి తెలుసా?"

ఆమె అరచేతులకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి. నేను రాలేదని పొద్దుటి పాలకీ సాయంత్రం పాలకీ మధ్య బకెట్ నడుముకు కట్టుకుని సగం చేను చేత్తోనే చల్లేసింది. నేను ట్రాక్టర్ ఆపి దిగాను.

"తడి ఆకుల మీద పడితే మాడతాయి. మంచు ఆరనీ" అంది.

గట్టు మీద కూర్చున్నాం. మధ్యలో ఎర్రటి పొటాష్ సంచి. ఇక ఆగలేకపోయాను.

"వదినా, అన్న మూడేళ్ళ కిందటే పొటాష్ తెమ్మన్నాడు. షాపులో లేదన్నారు. ఇంకో షాపుకు వెళ్ళే ఓపిక లేక యూరియా తెచ్చేశాను. ఎరువు ఎరువేగా అన్నాను. అన్న అదే చల్లాడు. తర్వాతి ఏడు కూడా అదే తెచ్చిచ్చాను."

వదిన గట్టు మీంచి లేచి నిలబడింది.

"ఇప్పుడా చెప్పడం?" అంది. "పోయేదాకా ఆ మనిషి, విత్తనం మంచిది కాదు, నా హస్తవాసి మంచిది కాదు అని తనలో తనే కుమిలిపోయాడు. నాతో కాసేపు మాట్లాడకు."

మంచు ఆరాక చెరో బకెట్ పట్టుకుని, చిగుళ్ళ మధ్య చూసి అడుగులేస్తూ మిగతా సగం చేనుకు చల్లాం. గింజలు వేళ్ళ సందుల్లో ఒరుసుకుని మండాయి. మధ్యాహ్నానికి నా నడుము పనిచేయడం మానేసింది. ఆమె మాత్రం ఆగలేదు.

చివరి గుప్పెడు చల్లి బకెట్ బోర్లించాక, "రేపు రెండు పూటలూ పాలు నువ్వే పిండు. నేను పడుకుంటా" అంది.

సరేనన్నాను. మర్నాడు ఆమె నిజంగానే పొద్దు వాలేదాకా పడుకుంది. ఆవులు నన్ను రెండుసార్లు తన్నాయి.

తర్వాతి కోతకు ఆకుల మీద చుక్కలు తగ్గాయి, కాడలు కాస్త బలిశాయి. అంతకు మించి అద్భుతమేమీ జరగలేదు. చచ్చిన మొక్కలు తిరిగి రాలేదు. పల్లం వైపు ముక్క దున్నేసి అక్కడ రెండేళ్ళు వేరే పంట వేద్దామంది వదిన. చలికి ముందు చివరి కోత కట్టలు ఎత్తే వారం, లారీ ఓనర్‌కు ఫోన్ చేసి ట్రిప్పుకు రానని చెప్పాను. తిట్టాడు. పడ్డాను. రెండో రోజుకల్లా మిగతా సగం పొటాష్ నేలకు చేరింది.