వెచ్చని బండలు

ఆ పొద్దు వాడలో ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. యేసుదాసు వద్దన్నాడు, అందరూ విన్నారు. ముప్పై ఏళ్లు బొగ్గుబావుల్లో విషవాయువు జాడ పట్టినవాడి మాట ఎవరు కాదంటారు?

అతని మనవరాలు గ్రేస్‌కు ఆరేళ్లు. పది రోజులుగా తలనొప్పి, నిలబడ్డచోటే తూలిపోతోంది. మంచిర్యాల డాక్టరు రక్తపరీక్ష చూసి చెప్పాడు: కార్బన్ మోనాక్సైడ్. వాసన లేదు, రంగు లేదు, నిద్రలా వచ్చి చంపేస్తుంది. అది ఎక్కణ్నుంచి వస్తోందో పట్టుకోకపోతే పిల్ల దక్కదు. గాలి సర్వేకొచ్చిన ఆఫీసరు మాత్రం జీపు దిగకుండానే తేల్చేశాడు: మీ పొయ్యిలు, మీరు కాల్చే పత్తికట్టె.

"ఒక్క దినం అన్ని మంటలు బంద్ పెడదాం," అన్నాడు యేసుదాసు. "ఆయన మాట నిజమైతే బావిల వాడిన నా గ్యాస్ మీటరు సున్న చూపాలె."

"చూపకపోతే?" అన్నారెవరో.

"చూపకపోతే గాయన్నే పొయ్యిల పెడదాం," అన్నాడు పక్కింటి రాయమల్లు. ఆకలి కడుపులతోనే అందరూ నవ్వారు.

ఎండ మొహం చూపని చలి. మంట లేని ఇంట్లో గ్రేస్ గజగజ వణుకుతోంది.

"యాదవ్వ ఇంట్ల పండబెట్టు," అన్నాడు యేసుదాసు, భార్య ఆనందమ్మతో.

వాడ చివర యాదవ్వ ఇల్లు. ఈ చలికాలం ఆ ఇంటి బండలు పొయ్యి లేకున్నా వెచ్చగా ఉంటున్నాయి. పగలంతా పిల్లలు అక్కడే పడుకుంటున్నారు. కిందటి ఆదివారం ప్రార్థనలో ఆ వెచ్చదనానికి స్తోత్రం చెప్పింది కూడా యేసుదాసే.

మధ్యాహ్నం మీటరు పట్టుకుని బయలుదేరాడు. చర్చి దగ్గర మూడు. బోరింగు దగ్గర ఏడు.

"మంటలే లేకపాయె, గీ ఏడు యేడికెళ్లి వచ్చిందే?" అన్నాడు వెంట వచ్చిన రాయమల్లు.

యేసుదాసు మీటరు ఎత్తి పట్టాడు. గాలికి ఎదురు నడిచాడు. పద్నాలుగు. ఇరవై ఆరు. యాదవ్వ ఇంటి వెనక నేల బీట విచ్చి ఉంది. అందులో చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. మీటరు కీచుమని అరిచింది. నూట పది.

కింద ఎప్పుడో మూసి మరిచిపోయిన గని ఉంది. మిగిలిన బొగ్గు తనంతట తానే రాజుకుంది. గోడ వెచ్చబడితే ఉరకండని కొత్త కార్మికులకు నేర్పింది తనే. బండ వెచ్చబడితే మాత్రం దేవుడి దయ అనుకున్నాడు!

ముందువైపుకు ఉరికాడు. తలుపు మూసి ఉంది. వాకిట్లో యాదవ్వ బియ్యం చెరుగుతోంది.

"మెల్లగనే అన్నా, పోరగాళ్లు పన్నరు. వేడి బయటికి పోతదని తలుపేసిన."

తలుపు తన్నాడు. లోపల మీటరు నాలుగు వందలు దాటింది. ముగ్గురు పిల్లలు బండలకు చెంపలు ఆనించి పడున్నారు. గ్రేస్ చెంపలు ఇప్పుడే ఆడి వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

"గ్రేస్!"

పలకలేదు. ఊపిరి బిగబట్టి ఎత్తుకొచ్చాడు. రాయమల్లు మిగతా ఇద్దర్నీ చెరో చంకలో ఇరికించుకుని బయటపడ్డాడు. గాలి తగలగానే ఆ ఇద్దరూ వాంతి చేసుకుని ఏడ్చారు. గ్రేస్ చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"తాతా, చలి వెడ్తుంది. లోపలికి తీస్కపో."

రాయమల్లు అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు. యేసుదాసు పిల్లను భుజాన వేసుకుని వాడ ఇంకో కొసకు, తన ఇంటికి పరుగున వచ్చాడు. గాలి ఆడే చోటని అరుగు మీద పడుకోబెట్టాడు. ఆనందమ్మ దుప్పటి కప్పబోతే గ్రేస్ కాలితో తోసేసింది.

"వద్దు. గీ బండ గూడ జర ఎచ్చగనే ఉంది."