అటక మీది రబ్బరు షీటు

నేను ఒక రబ్బరు షీటును. ఒకపక్క ఎరుపు, ఒకపక్క ఆకుపచ్చ. ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు గానీ, చీరాలలో మందుల షాపతను నా చుట్ట విప్పి గజం కోసి ఇచ్చాడు. పురిటి సంచిలో, పాతచీర ముక్కల మధ్య రెండు నెలలు గడిపాను. కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా సుభాషిణి పగలబడి నవ్వేది. ఆ నవ్వంటే నాకు ప్రాణం.

కాన్పు కష్టమైంది. ఆడపిల్ల పుట్టింది, భావన. మూడేళ్లకల్లా పాపకు నా అవసరం తీరింది. తల్లికి తీరలేదు. దగ్గినా, తుమ్మినా, మంచం మీంచి లేవబోయినా సుభాషిణికి ఒంటేలు ఆగేది కాదు. నవ్వితే మరీను. అందుకని నవ్వడమే మానేసింది. రోజూ ఉదయం నన్ను కడిగి దండెం మీద ఆరేస్తుంటే అత్తగారు నాంచారమ్మ అడిగేది: "పిల్లకి ఆరేళ్లొచ్చినయ్యి, ఇంకా పక్క తడుపుద్దా?"

సుభాషిణి తల వంచుకునేది. మనుషులది వింత సిగ్గు. తమది దాచుకోడానికి పసిదాన్ని అడ్డం పెట్టుకుంటారు. నాకు ఒళ్లు మండేది. నోరుంటే చెప్పేసేదాన్ని.

నాంచారమ్మ మొదట తాయెత్తు కట్టించింది. తర్వాత, "పొద్దుగూకితే దానికి నీళ్లియ్యమాక, అదే మందు" అంది. అసలే ఎండాకాలం. మూడో రోజు సాయంత్రం పాప పెదాలు తడుపుకుంటూ, "నానమ్మా, ఒక్క గుక్క" అని బతిమాలింది.

సుభాషిణి వంటింట్లోంచి గ్లాసుతో వచ్చి పాప చేతికిచ్చింది. "అత్తయ్యా, పక్క తడిపేది పాప కాదు. నేను. కాన్పయిన కాడ్నించీ ఇంతే."

నాంచారమ్మ పాప సగం తాగి దించిన గ్లాసు అందుకుని, మిగతా నీళ్లు గడగడా తాగేసింది.

"నీ మొగుడు పుట్టిన కాడ్నించీ నేనూ పొద్దుగూకితే నీళ్లు ముట్టటల్లేదే. ఆ మందు నాకెట్టా తెలుసనుకున్నావు?"

మర్నాడు ఇద్దరూ పెద్దాసుపత్రికి వెళ్లారు. ఒంటేలు ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పింది డాక్టరమ్మ. అత్తాకోడళ్లు రోజూ నా మీదే పక్కపక్కన కూర్చుని చేసేవాళ్లు. నాలుగు నెలలకు నన్ను చుట్టి అటకెక్కించారు.

ఇక్కడ దుమ్ము, పనిలేని బతుకు. ఆ పాత నవ్వు మళ్లీ ఒక్కసారి వినాలని మనసు కొట్టుకునేది. మొన్న కింద పాప వాళ్ల నానమ్మలా నడిచి చూపించిందట. సుభాషిణి పగలబడి నవ్వింది, ఆగకుండా నవ్వింది. ఇక నన్ను దించుతారని కాచుకుని ఉన్నాను.

ఎవరూ రాలేదు.