తూకం దగ్గర మాట్లాడరాదు

పార్సెల్ ఆఫీసు పదింటికి తెరుస్తారు. పావుగంట ముందే పార్సెలమ్మాయి వచ్చి, కౌంటరు తుడిచి, సీళ్ళకు లక్క కరిగించే స్టవ్వు వెలిగించి, తూకం పళ్ళాన్ని పొడిగుడ్డతో మెరిసేదాకా రుద్దుతుంది. నలభై మూడేళ్ళు వచ్చినా ఆమె అమ్మాయే. పెళ్ళి కానివాళ్ళ వయసును జనం లెక్కలోకి తీసుకోరు. అదే పెళ్ళయితే పద్దెనిమిదేళ్ళ పిల్లనైనా మర్నాటికల్లా అమ్మగారిని చేసేస్తారు. సరే, అది వేరే సంగతి.

కౌంటరు వెనక గోడకు "తూకం దగ్గర మాట్లాడరాదు" అని బోర్డుంటుంది. ఎందుకంటే ఆ తూకం మాటల్ని కూడా తూస్తుంది. అన్నిటినీ కాదు, మనసులోంచి వచ్చినవాటినే. ఒక తల్లి కూతురికి స్వెట్టరు పంపుతూ "చలికి జాగ్రత్తే తల్లీ" అని గొణిగితే ముల్లు కిలోన్నర దాటింది. ఎదురు మైదానంలో ఎన్నికల మైకులు మూడు వారాలు హోరెత్తితే గ్రాము కూడా కదల్లేదు. అందుకని జనం కౌంటరు ముందు గీసిన పసుపు గీత అవతలే కబుర్లు ముగించుకుని, నోరు మూసుకుని వచ్చి పెట్టె పెడతారు. తూకమన్నాక తూస్తుంది మరి.

వాచీల మేస్త్రీ ఒక్కడే గీత సంగతి మరిచిపోయేవాడు. యాభై దాటిన మనిషి, భార్య పోయి తొమ్మిదేళ్ళు. బాగుచేసిన వాచీలు పొరుగూళ్ళకు పంపడానికి రోజూ వస్తాడు. పెట్టె పెట్టి, "ఫ్యాను తిరగడం లేదేమండీ?" అంటాడు. ఇంకో రోజు, "దగ్గు తగ్గిందా?" అరచేతిలో పట్టే పెట్టె రెండు కిలోలు తూగేది.

"గీత వెనక్కెళ్ళి మాట్లాడండి" అనేది ఆమె, ముల్లు చూడనట్టు. మళ్ళీ తనే, "తగ్గిందిలెండి. మీరు కళ్ళద్దాలు మార్పించుకున్నారా?"

రెండేళ్ళు ఇంతే. ఆఫీసు లేని ఆదివారాలు ఆమెకు ఎంతకీ తెల్లవారేవి కావు, తెల్లవారితే పొద్దుగూకేవి కావు.

చివరికి అడిగింది ఆమే. "మేస్త్రీ గారూ, మనం పెళ్ళి చేసుకుందామా? మీరు అడిగేలోగా నేను రిటైరైపోతాను."

"ఆ ఫ్యాను..." అన్నాడు మేస్త్రీ.

"ఫ్యాను సంగతి తరవాత."

ఆయన తలూపాడు. ఆమె ఇంటికెళ్ళి చెప్పేసింది.

"ఈ వయసులో పెళ్ళేమిటే?" అన్నాడు అన్నయ్య. "పిల్లల చదువులెవరు చూస్తారు? మీ వదిన నడుంనొప్పి నీకు తెలియదూ?"

మర్నాడు మధ్యాహ్నం, క్యూ గుమ్మం దాకా ఉన్న వేళ, అన్నయ్య ఆఫీసుకే వచ్చాడు. మేస్త్రీ అప్పుడే కౌంటరు దగ్గరికి చేరాడు.

"రండి మేస్త్రీ గారూ, మీకోసమే వచ్చాను. మా చెల్లెలంటే మీకేమిటో ఈ పళ్ళెం ముందు చెప్పండి. ఊసుపోని కబుర్లైతే ఇక్కడే తేలిపోతుంది."

మేస్త్రీ జేబులోంచి కాగితం తీశాడు. పాపం, ఆమెకు వినిపిద్దామని రాసుకొచ్చాడు. "మీరు లేని నా జీవితం చంద్రుడు లేని ఆకాశం..."

ముల్లు సున్నా దగ్గరే ఉంది. క్యూలో ఒకడు, "తూకం నిద్రపోయిందేమో, తట్టి లేపండ్రా!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

"దూదిపింజ పాటి బరువు లేదు. చాల్లే, ఇంటికి పద" అన్నాడు అన్నయ్య.

మేస్త్రీ కాగితం నాలుగు మడతలు పెట్టాడు. వెళ్ళబోతూ ఆమె మొహం చూసి, "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నారా?" అన్నాడు మెల్లగా.

పళ్ళెం కిర్రుమని కుంగింది. ముల్లు పది దాటి, ఇరవై దాటి, చివరి అంకెకు కొట్టుకుని ఆగిపోయింది.

"ఇదేం మాట? దారిన పోయేవాడైనా అడుగుతాడు!" అన్నాడు అన్నయ్య.

"అయితే నువ్వూ అడుగు అన్నయ్యా" అంది ఆమె. "ఇరవై ఏళ్ళుగా నీ ఇంట్లో ఉన్నాను. ఈ ఒక్కసారైనా అడుగు."

అన్నయ్య నోరు తెరిచాడు. పళ్ళెం వైపు చూశాడు. మెడలు చాచిన క్యూ వైపు చూశాడు. తెరిచిన నోరు మూసేశాడు.

ఆమె కొంతసేపు ఆగింది, న్యాయంగా.

"తినలేదండీ" అంది మేస్త్రీతో. స్టవ్వు ఆర్పి, కౌంటరు అరతలుపు తీసుకుని ఇవతలికి వచ్చింది. "సాయంత్రం నా బట్టల కోసం వస్తానని వదినకు చెప్పు" అంది అన్నయ్యతో.

"మా పార్సెళ్ళ గతేమిటమ్మా?" అని క్యూ అంతా గగ్గోలు పెట్టింది.

"ఆగుతాయి" అంది ఆమె, వెనక్కి తిరగకుండా. "నాకు ఆకలేస్తోంది."