గడ్డి ముందుగా ఎండే చోటు

తోటలు వేసే కంపెనీకి బీమా చేయించాలన్న ఆలోచన ఆమెకు పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. లారీకి మాత్రం ఉంది, లేకపోతే రోడ్డు మీద ఆపేస్తారు కాబట్టి. మిగిలినదంతా దేవుడి మీద భారం వేసి నడిపించింది. పదకొండు మంది పనివాళ్లు, గడ్డి కోసే యంత్రాలు నాలుగు, మొక్కలు పెంచే అరెకరం స్థలం, అన్నిటికీ వెనక నిలబడే ఒక మరిది. అందరూ ఆమెను తోటమ్మ అనేవారు. అసలు పేరు బ్యాంకువాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఊళ్లోని పెద్దాసుపత్రి పని ఒప్పుకున్నాకే ఈ బీమా గొడవ వచ్చిపడింది. ఆసుపత్రి వెనక కొత్త భవనం కట్టబోతున్నారు. కట్టబోయే చోట సరిగ్గా నడిమధ్యన ఒక నిద్రగన్నేరు చెట్టుంది. దాన్ని కొట్టేయడానికి మనసొప్పక, వేళ్లతో సహా పెకలించి ముందున్న ఆవరణలో నాటగలరా అని ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ అడిగింది. తోటమ్మ చిన్నా పెద్దా కలిపి ముప్ఫై చెట్లకు పైగా అలా మార్చింది. ఇంత పెద్దదాన్ని మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. అయినా సరేనంది. ఆరునెలల కిందటే రెండు వైపులా కందకం తవ్వించి, వేళ్లు కోసి, కొత్త వేళ్లు పుట్టేలా మట్టి మార్చి పెట్టింది. తీరా క్రేను మాట్లాడుకున్నాక ఆసుపత్రి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. బీమా ఉంటేనే పని మొదలుపెట్టాలని.

అయిదు బీమా కంపెనీలకు ఫోను చేసింది.

"చెట్టును ఎత్తుతారా? క్రేనుతోనా? పక్కన ఏముంది మేడమ్?"

"ఆసుపత్రి."

"మీకు మళ్లీ ఫోను చేస్తాం మేడమ్."

నలుగురు ఆ మాటే అన్నారు. మళ్లీ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. అయిదో కంపెనీ ఫోను చేయలేదు గానీ, ఒక మనిషిని పంపింది.

ఆయన సర్వేయరు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో ముందే చూసి, బీమా ఇవ్వచ్చో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. పొడుగ్గా, కాస్త వంగినట్టుండే మనిషి. మొక్కల షెడ్డులో, పచ్చ వల కింద వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టీ వద్దని, కాగితాలు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"మీ పనిలో ఏమేం జరగొచ్చో చెప్పండమ్మా."

"ఏమీ జరగదు సార్," అని మరిది అందుకున్నాడు. "పందొమ్మిదేళ్లుగా చేస్తున్నాం. ఒక్క చిన్న..."

"నువ్వుండవయ్యా," అంది తోటమ్మ. "రెండేళ్ల కిందట గడ్డి కోస్తుంటే రాయి ఎగిరి ఒకళ్లింటి అద్దం పగిలింది. అద్దం వెనకాల మనిషి లేకపోబట్టి సరిపోయింది. అంతకుముందు గుంత తవ్వుతూ నీళ్ల పైపు కోసేశాం, వీధి వీధంతా రెండు రోజులు నీళ్లు లేవు. మా గునపం తాత ఉన్నాడే, ఆయన బొటనవేలు నా ముందే నలిగింది. ఇంకా చాలా ఉన్నాయి, మీ కాగితం సరిపోతుందా?"

మరిది ఆమె వెనక నిలబడి చేతులూ కళ్లూ తిప్పుతూనే ఉన్నాడు. ఆమె ఆగలేదు. ఏ కొమ్మ ఎలా విరిగిందో, ఏ నిచ్చెన ఎక్కడ జారిందో, ఏ ఏడాది ఏ పొరపాటు తనదో వరసగా చెప్పుకుపోయింది. అంతా అయ్యేసరికి మరిది మొహం వాడిపోయింది. ఇక ఈయన లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోతాడనుకున్నాడు.

సర్వేయరు పెన్ను మూత పెట్టాడు. "ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నానమ్మా. ఏమీ జరగదనే అందరూ చెప్తారు. చేసిన తప్పుల్ని తారీకులతో సహా చెప్పినవాళ్లు మీరే. పదండి, ఆ చెట్టు చూద్దాం."

ఆసుపత్రి వెనకవైపు గేటు దాటగానే ఆయన నడక నెమ్మదించింది. చెట్టు ఎత్తు మరీ ఎక్కువ కాదు గానీ, వెడల్పు చెప్పనలవి కాదు. ఆ నీడలో ఆసుపత్రి అంబులెన్సులు ఆరు నిలబడి ఉన్నాయి, ఇంకో ఆరుకి చోటుంది. మాను చుట్టూ చేతులు కలిపి పట్టుకోవాలంటే నలుగురు మనుషులు కావాలి.

"దీన్నా ఎత్తేది?" అన్నాడు సర్వేయరు. అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది.

తోటమ్మ కందకంలోకి దిగి, తడి మట్టిని వేళ్లతో పక్కకు తీసి చూపించింది. లోపల దారాల్లాంటి తెల్లటి వేళ్లు, వేలకు వేలు, మట్టిని గుప్పిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. "ఇవన్నీ ఈ ఆరునెలల్లో పుట్టినవే సార్. కోసిన చోటల్లా వంద పుట్టాయి." సర్వేయరు ప్యాంటు సంగతి మరిచిపోయి మట్టిలో మోకాళ్లూనాడు. ఒక వేరును వేలి చివరతో తాకి, పసిపిల్లను తాకినవాడిలా చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత క్రేను నిలబెట్టే చోటికి వెళ్లారు. చెట్టుకు మూడోవైపు, కొమ్మల నీడ దాటగానే, నున్నటి గడ్డినేల. క్రేను నాలుగు కాళ్లు ఎక్కడ ఆనాలో మరిది సున్నంతో గుర్తులు పెట్టి ఉంచాడు. ఆ పక్కనే ఆసుపత్రి గోడ. కిటికీల వెనక ఆపరేషన్లు అయినవాళ్లు పడుకునే వార్డు.

సర్వేయరు చుట్టూ చూశాడు. "ఇక్కడ మీకు భయమేసేది ఏదమ్మా?"

తోటమ్మ సున్నం గుర్తుల వైపు నడిచింది. "నవ్వుకోరుగా?"

"నవ్వను."

"ఈ గడ్డి సార్." సున్నం గుర్తుల్లో ఒకదాని దగ్గర చెయ్యి చూపించింది. "ఎండలు ముదిరితే అంతా ఎండుతుంది, నిజమే. కానీ ఇక్కడ, ఈ గుండ్రటి మేర, మిగతాదానికంటే వారం పది రోజులు ముందే పసుపెక్కుతోంది. కింద కట్టుబడి చెత్త ఏదో ఉంటుందిలే అనుకున్నా. కానీ చెత్త ఇంత గుండ్రంగా ఉంటుందా అని కూడా అనిపించింది."

మరిదికి ఏమీ కనిపించలేదు. సర్వేయరుకీ మొదట కనిపించలేదు. కళ్లు చికిలించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే అప్పుడు కనిపించింది. పచ్చటి గడ్డిలో లేత పసుపు రంగు వలయం. కంపాసుతో గీసినంత గుండ్రంగా ఉంది.

గునపం తాతను పిలిచారు. కంపెనీలో అందరికంటే పెద్దవాడు, తవ్వకంలో ఆయన చెయ్యి పడందే ఏ గుంతా మొదలవదు. గునపం ఒకసారి దింపాడు. జానెడు లోతులోనే ఠంగుమంది. "రాయి," అన్నాడు మరిది. తాత గునపాన్ని తిరగేసి, మొద్దువైపుతో ఆ రాయి మీద కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మళ్లీ కొట్టాడు.

"అమ్మా, ఇది రాయే. కానీ దీని కింద ఏమీ లేదు," అన్నాడు.

"ఏమీ లేకపోవడమేంటి తాతా?"

"ఏమీ లేదు. బోలు."

గడ్డి దుప్పటిలా చుట్టి పక్కకు తీశారు. మట్టి ఎత్తిపోశారు. కింద రాతి పలకలు, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. తాత వాటి మీదికి అడుగు వేయబోతే సర్వేయరు గట్టిగా అరిచాడు. నడుముకు తాడు కట్టి, ఆ తాడు అంబులెన్సు కొక్కేనికి ముడివేస్తే గానీ ఎవర్నీ ముందుకు వెళ్లనివ్వలేదు. "బీమావాడి పిరికితనం అనుకోండి, ఏమైనా అనుకోండి. తాడు లేనిదే కుదరదు."

రెండు గునపాలతో ఒక పలకను పైకి లేపి పక్కకు జరిపేసరికి మిట్టమధ్యాహ్నమైంది. సూర్యుడు సరిగ్గా నెత్తిమీదున్నాడు. వెలుగు నిలువునా లోపలికి దిగింది.

బావి అది. పాతకాలపు ఇటుకల బావి. లోతు ముప్ఫై అడుగులు పైమాటే. ఎవరో ఎప్పుడో మూతవేసి, మట్టి కప్పి, గడ్డి పెంచి మరిచిపోయారు. కానీ అక్కడున్నవాళ్లు నోరు తెరిచింది బావిని చూసి కాదు. ఇటుకల సందుల్లోంచి, చెట్టువైపు గోడ పొడుగునా వేళ్లు బయటికి వచ్చి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. చేతి లావున్నవి, వేలి లావున్నవి, వెంట్రుకల్లాంటివి, అన్నీ తెరలా కిందికి వేలాడుతూ, ముప్ఫై అడుగులూ జారి, అడుగున నిలిచిన నీళ్లలో మునిగి ఉన్నాయి. ఎండ పడిన మేర బంగారు రంగు. ఎండ అందని చోట ముదురు ఎరుపు. నీళ్ల మీద ఒక చిన్న ఆకాశం, ఆ ఆకాశంలో నాలుగు తలలు.

ఎంతసేపు చూశారో తెలియదు. వేరు చివర నుంచి ఒక నీటిబొట్టు జారి పడింది. ఆ చప్పుడు పైదాకా స్పష్టంగా వినిపించింది.

"ఇన్నేళ్లూ ఇక్కడ తాగుతోందన్నమాట," అన్నాడు గునపం తాత, గుడిలో మాట్లాడినంత మెల్లగా.

చెట్లంటే తనకు తెలుసనుకుంది తోటమ్మ. పైన కనిపించేదే చెట్టనుకుని ఇన్నాళ్లూ కత్తిరించింది, కట్టింది, మార్చింది. పైనున్నంత చెట్టు కింద కూడా ఉందని, అది ఎవరూ చూడని చీకట్లో ఇటుక ఇటుకనూ తడుముకుంటూ నీళ్లను వెతుక్కుందని తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

మొదట తేరుకున్నది సర్వేయరే. సున్నం గుర్తు వైపు చూశాడు. కిటికీల వైపు చూశాడు. "క్రేను కాలు సరిగ్గా ఈ పలక మీదే ఆనేది," అన్నాడు. మరిది చేతిలోని సున్నం డబ్బా కింద పెట్టి, తనూ కూలబడ్డాడు.

కాస్త కుదుటపడ్డాక తోటమ్మ అంది, "ఈ చెట్టును నేనెత్తలేను."

"వదినా! క్రేనును ఇటు కాకపోతే అటు నిలబెడదాం. చేతికొచ్చిన పనిని..."

"క్రేను సంగతి కాదయ్యా. మూడోవైపు వేళ్లు కూడా కోయాలి కదా. కోసేవేవో ఇప్పుడు చూశావు కదా. ఇవి తెగితే ఇది బతకదు. బతుకుతుందని చెప్పి ఎత్తితే అది అబద్ధం."

మరిది మళ్లీ బావిలోకి తొంగిచూశాడు. దగ్గరున్న సున్నం గుర్తును కాలితో చెరిపేశాడు.

పెద్ద డాక్టరమ్మకు కబురు వెళ్లింది. పని చేయనంటున్నారని విని ఆమె కోపంగానే వచ్చింది. గుండె ఆపరేషన్లు చేసే మనిషి, మాట వేగం, నడక వేగం. "ఆరునెలలు తవ్వి ఇప్పుడు కాదంటే ఎలా అండీ?"

"ఒక్కసారి లోపల చూడండమ్మా. తర్వాత తిట్టండి."

తాడు కట్టుకోమంటే విసుక్కుంటూనే కట్టుకుంది. తెల్లకోటుతోనే నేలమీద బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. ఎండ అప్పటికి కొంచెం వాలింది, అయినా వేళ్ల మీద ఇంకా వెలుగుంది. ఆమె లేవలేదు. ఒక నర్సు వచ్చి ఏదో అడగబోతే చెయ్యెత్తి ఆగమంది. చివరికి లేచి, కోటుకంటిన మట్టి దులుపుకోకుండానే, "ఇలాంటివి నేను రోజూ చూస్తాను, ఇంతింత చిన్నవి," అని బొటనవేలి గోరు చూపించింది. "గుండె చుట్టూ రక్తనాళాలు ఇలాగే అల్లుకుని ఉంటాయి. కోసేముందు ప్రతిసారీ భయమేస్తుంది." ఆపైన భవనం గీసిన ఇంజినీరును పిలవమంది.

ఇంజినీరు వాదించాడు, తలపట్టుకున్నాడు, బావి ఉన్నచోట పునాది ఎలాగూ కుదరదని తేలాక దారికొచ్చాడు. రెండు నెలల తర్వాత వచ్చిన కొత్త గీతల్లో భవనం చెట్టు దగ్గరికి వచ్చి మోచెయ్యిలా వంగి పక్కకు తిరిగింది. చెట్టు చుట్టూ, బావి చుట్టూ తోట వేసే పని తోటమ్మకే ఇచ్చారు.

ఈలోగా ఒక ఉదయం సర్వేయరు మొక్కల షెడ్డుకు మళ్లీ వచ్చాడు. ఆయన్ను చూసి ఆమె నొచ్చుకుంది. "చెట్టెత్తే పనే లేదుగా సార్. మీకు ఊరికే తిప్పలు."

"తోటల పని మానేస్తున్నారా?"

"ఎందుకు మానేస్తాను?"

"అయితే రాళ్లు ఎగరడం మానవు కదా." కాగితాలు బల్ల మీద పరిచాడు. బయటివాళ్లకు దెబ్బ తగిలితే ఒకటి, పనివాళ్లకు దెబ్బ తగిలితే ఒకటి, యంత్రాలకు ఒకటి. ఒక్కో ముక్కా చదివి, దాని అర్థం విడమరిచి చెప్పాడు. పనివాళ్ల పేర్లు రాసే చోటికి వచ్చేసరికి గునపం తాతను పిలిచారు. తాత తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"నా పేరు మీదా?"

"నీ పేరు మీదే తాతా."

"దెబ్బ తగిలిన బయటివాళ్లకే డబ్బులిస్తారేమో అనుకున్నా. నాకు దెబ్బ తగిలినా ఇస్తారా?" కాగితం అందుకుని, చదవడం రాకపోయినా, తన పేరు ఏ వరసలో ఉందో అడిగి, ఆ వరస మీద గరుకు వేలు చివరిదాకా పోనిచ్చాడు. "అమ్మా, ఇది నిజంగా జరుగుతోందా?" అన్నాడు. తోటమ్మ మొహం అటు తిప్పుకుంది.

తోట పూర్తయ్యేసరికి వానలు వచ్చి వెళ్లాయి. బావి చుట్టూ నడుమెత్తు గోడ, పైన బలమైన ఇనుప జాలీ, లోపలికి దీపాలు. మొదటి రోజే ఒక చిక్కొచ్చింది. నడవగలిగినవాళ్లు గోడ మీదికి వంగి చూస్తున్నారు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లకు జాలీ తప్ప ఏమీ కనబడటం లేదు. ఎవరూ చెప్పకుండానే మరిది రెండు రోజులు షెడ్డులో వెల్డింగు పెట్టుకుని కూర్చున్నాడు. బావి పైన ఏటవాలుగా ఒక పెద్ద అద్దం బిగించాడు. కుర్చీలో కూర్చుని తలెత్తితే చాలు, బావి మొత్తం అందులో కనిపిస్తుంది.

సర్వేయరు తనిఖీకి వచ్చిన రోజున అద్దం కింద అయిదారు కుర్చీలు వరసగా ఉన్నాయి. ఛాతీకి కట్టుతో ఒక పెద్దావిడ తల పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి చూస్తోంది. ఆమె కూతురు కాబోలు, కుర్చీ పట్టుకుని తనూ చూస్తోంది.

"ఈ అద్దం పాలసీలో లేదే," అన్నాడు సర్వేయరు.

"అద్దమే కదా సార్, పగిలితే ఇంకోటి పెడతా," అన్నాడు మరిది.

"పగిలితే ముక్కలు ఎవరి మీద పడతాయి?"

మరిది బుర్ర గోక్కున్నాడు. "పగిలినా రాలని అద్దం దొరుకుతుంది సార్. రేపే మారుస్తా."

"రేపు కాదు, ఇవాళే. అప్పటిదాకా కుర్చీలు ఓ రెండడుగులు వెనక్కి జరిపించండి." సర్వేయరు పుస్తకం తీశాడు, పెన్ను తీశాడు. రాయబోతూ కొలతల కోసమని అద్దంలోకి తలెత్తాడు. తోటమ్మ ఆయన పక్కకు వచ్చి నిలబడింది. అద్దంలో వేళ్లు కొత్తగా తెల్లటి కొనలు వేసి, నీళ్ల మీద మెల్లగా కదులుతున్నాయి. ఆయన పెన్ను చాలాసేపు కాగితం మీదికి దిగలేదు.