ఈతకూ సైకిలుకూ ఒకటే జత

ప్యాంట్ల పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం, చిరుగులకు అతుకులు వేయడం. కొన్నేళ్లుగా మా కుట్టుకొట్టుకు వచ్చే పని ఇదే. కొత్త గుడ్డ తెచ్చి బల్ల మీద పరిచి, నాకు సరిపోయేట్టు కుట్టండి అనే మనిషిని చూసి చాలా కాలమైంది. అందుకే ఈత క్లబ్బు మేడం దగ్గర నుంచి కబురు రాగానే కత్తెర పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాను.

"ఇంకా పని చేతికి రాలేదు బావా, అప్పుడే దణ్ణాలా?" అన్నాడు కబురు తెచ్చిన మా బావమరిది. వాడు ఆ క్లబ్బులోనే ఈత నేర్పుతాడు.

కబురు ఇదీ. క్లబ్బు వాళ్లు ఒక చిన్న పోటీ పెడుతున్నారు. ముందు కొలనులో ఈత, ఆ తడితోనే సైకిలెక్కి ఊరి చుట్టూ ఉన్న రోడ్డు మీద ఒక చుట్టు. రెండింటికీ ఒకటే జత బట్టలు. కొని తెచ్చినవి సభ్యుల్లో ఒకరికి బిగుతు, ఒకరికి గోనెసంచి. నేను ఒకటి కుట్టి, ఎవరికైనా వేసి పోటీకి పంపాలి. ముగింపు గీత దాటేదాకా కుట్టు నిలిస్తే క్లబ్బులో అందరి జతలూ మాకే.

"వేసుకునేది ఎవరు?" అన్నాను.

"ఇంకెవరు, నువ్వే. పొద్దున్నే మోకాళ్ల నొప్పికని ఈదుతున్నావు, కొట్టుకు సైకిలు మీద వస్తున్నావు. రెండూ ఒకే రోజు వరసగా చెయ్యి. అదే పోటీ."

మా ఆవిడ కాజాలు కుడుతూ తలెత్తింది. "ఈయన ఈదుతుంటే పక్కనున్నవాళ్లు ఎవరో దుప్పట్లు ఉతుకుతున్నారనుకుంటారురా."

అయినా టేపు తీసుకుని తనే కొలతలు తీసింది. ముప్పై ఏళ్లుగా అందరినీ నిలబెట్టినట్టే నేనూ గోడవారగా నిటారుగా నిలబడ్డాను. నల్లటి సాగే గుడ్డ తెచ్చి, చొక్కా, లాగు కలిసే ఉండేలా జిగ్‌జాగ్ కుట్టు వేశాను. బకెట్లో నానబెట్టాను. అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో వైపు పట్టుకుని, చిన్నప్పటి పగలన్నీ గుర్తు చేసుకుంటూ లాగారు. కుట్టు కదల్లేదు.

పోటీ రోజు తెల్లవారుజామున దేవుడి పటం ముందు నిలబడి, గెలుపు అక్కర్లేదు స్వామీ, కుట్టు ఒక్కటి నిలబెట్టు అని అడిగాను. పైకే అన్నట్టున్నాను.

"కుట్టింది మీరు. మధ్యలో ఆయన్నెందుకు ఇరికిస్తారు?" అంది వెనకనుంచి మా ఆవిడ.

నిజమే, దారం గురించి దేవుణ్ణి అడగవచ్చా? పెద్ద పెద్ద కష్టాలు మోసుకుని ఆయన దగ్గరకు వచ్చేవాళ్ల వరసలో నేను ఒక జత బట్టలు పట్టుకుని నిలబడ్డానేమో అనిపించింది. అలాగని వరసలోంచి పక్కకు రాలేదు.

ఈత సంగతి ఎక్కువ చెప్పను. నేను సగంలో ఉండగానే చాలామంది సైకిళ్లెక్కారు. మా బావమరిది గట్టు మీద నాతో సమానంగా నడుస్తూ, "బావా, నేను నడవడం ఆపి రెండుసార్లు నీకోసం నిలబడ్డాను" అని అరిచాడు. ఒడ్డుకొచ్చి ముందు చంకలు తడుముకున్నాను, తరువాత వీపు. కుట్టు చెక్కుచెదరలేదు. ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

సైకిలెక్కి, హ్యాండిలు మీదికి వంగి, తొక్కడం మొదలుపెట్టాను. నా వెనక ఇక మిగిలింది ఒక్కరే, మా వీధి చివర పళ్ల డాక్టరమ్మ. కొంత దూరం పోయాక ఆవిడ గొంతు వినిపించింది.

"టైలరు గారూ, ఏమీ అనుకోకండి. వెనక కుట్టు విడుతోంది."

నా కాళ్లు ఆగబోయాయి. "ఎంతవరకు?"

"మెడ కింద మొదలైంది. నడుం వైపు వెళ్తోంది. నొప్పేమైనా ఉందా?"

"నొప్పెందుకుంటుందండీ, అది గుడ్డ!"

"అలవాటుగా అడిగేశాను లెండి."

నేను కంగారుగా హ్యాండిలు వదిలినంత పని చేసి నిటారుగా కూర్చున్నాను.

"ఆఁ, ఇప్పుడు మూసుకుంది! రెండంచులూ కలిసిపోయాయి. ఏం కనపడ్డం లేదు."

మళ్లీ వంగాను.

"తెరుచుకుంది!"

అప్పటికి విషయం అర్థమైంది. గుడ్డ మంచిదే, దారమూ మంచిదే. నిలబడ్డ మనిషికి కొలతలు తీసి, వంగి తొక్కే మనిషికి తొడిగాం. వంగితే వీపు ఎంత పొడుగవుతుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ కొలిచిన పాపాన పోలేదు. మేము కుట్టిన చొక్కాలు తొడుక్కుని ఎంతమంది ఊపిరి బిగబట్టి చెప్పుల కోసం వంగారో!

ఇక దారంతా నిటారుగానే తొక్కాను. ఎదురుగాలి మొత్తం నా ఛాతీకే తగిలింది. ఎదురొచ్చిన పాలవాడు నన్ను పెద్దమనిషి ఎవరో అనుకుని సైకిలు దిగి పక్కకు తప్పుకున్నాడు.

"మీరు ముందుకెళ్లండి డాక్టరమ్మా. నావల్ల మీరు ఆఖరవుతున్నారు."

"నేను వెళ్తే మీ వీపుకు కాపలా ఎవరండీ? తొక్కండి. నోరు మాత్రం మూసి తొక్కండి, గాలికి పళ్లు జివ్వుమంటే మళ్లీ నా దగ్గరకే రావాలి."

గీత దాటేసరికి అందరూ పళ్లరసం తాగేసి గ్లాసులు కూడా కడిగేశారు. సైకిలు దిగి నిలబడ్డాను. క్లబ్బు మేడం నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినట్టు తిరిగింది. భుజం దగ్గర వేలితో లాగి చూసింది.

"అసలు చెక్కుచెదరలేదే! చాలా బాగుందండీ. ఇక అందరివీ మీరే మొదలుపెట్టండి."

మా బావమరిది నాకు కన్ను గీటాడు. దూరం నుంచే వాడికి సంగతి తెలిసిపోయినట్టుంది. డాక్టరమ్మ చాలా శ్రద్ధగా తన సైకిలు బెల్లు తుడుచుకుంటోంది. మా ఆవిడ మాత్రం నా ముఖంలోకి చూస్తోంది. నిలబడి ఉంటే చాలు, పని మాది. ఇంటికి వెళ్లేదాకా వంగకపోతే చాలు.

నేను అడిగింది దేవుడు ఇచ్చాడా, ఇవ్వలేదా? కుట్టు విడిందీ నిజమే, కనపడకుండా మూసుకుందీ నిజమే. ఇది దయ అనుకుని పుచ్చుకోవాలో, పరీక్ష అనుకోవాలో తెలియలేదు. తెలిసిందల్లా ఒక్కటే. ఈ కొలతలతో కుడితే క్లబ్బులో ప్రతి ఒక్కరి వీపూ నడిరోడ్డు మీద తెరుచుకుంటుంది, వాళ్లందరి వెనకా ఒక డాక్టరమ్మ ఉండదు.

మేడం ముందు నడుం దాకా వంగాను.

"అయ్యయ్యో, నాకు దండమేమిటండీ, పెద్దవారు!" అని ఆవిడ వెనక్కి జరిగింది.

"దండం కాదమ్మా. వీపు చూడండి."

ముందు నవ్వింది మా ఆవిడే. తరువాత ఇక ఎవరినీ ఆపలేకపోయాం. నేను వంగే ఉండి, నిలబెట్టి కొలవడంలో జరిగిన పొరపాటు మొత్తం నేలకు చెప్పుకున్నట్టు చెప్పాను.

"పైకి లేవండి ముందు. ఇప్పుడు అందరివీ ఇవ్వలేనండీ, మీకే తెలుసుగా. ఒక్కటి కుట్టండి, నాకు. సరిగ్గా కొలిచి. అది నేను వేసుకుని తొక్కాక మాట్లాడుకుందాం" అంది మేడం, కళ్లు తుడుచుకుంటూ.

దారిలో మా బావమరిది పొడిచాడు. "ఇంకో పావుగంట నిటారుగా నిలబడితే నీ సొమ్మేం పోయేది బావా?"

"ఆయనకు నడుం నొప్పిరా, అంతసేపు నిలబడలేరు" అంది మా ఆవిడ.

మర్నాడు మేడం సైకిలుతో సహా కొట్టులోకి వచ్చింది. బల్ల జరిపి, కుట్టుమిషన్లు గోడకు నెట్టి, సైకిలు మధ్యలో నిలబెట్టాం. మా బావమరిది వెనక చక్రం గట్టిగా పట్టుకుని ముఖం అటు తిప్పుకున్నాడు. నేను కొలతలు రాసుకోవడానికి గుమ్మం దగ్గర పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మేడం ఎక్కి హ్యాండిలు మీదికి వంగింది. మా ఆవిడ టేపు మెడ దగ్గర పెట్టి వీపు మీదుగా కిందికి జార్చుకుంటూ వెళ్లి, ఆగిపోయింది.

"ఊపిరి వదలండి మేడం. పొట్ట బిగబట్టి ఊరంతా తొక్కలేరు."