నాలుగో తొట్టి మీద టోపీ

తొట్టి నీళ్లు పట్టిన గాజు గొట్టంలో పరీక్ష మందు ఐదో చుక్క పడింది. ఒటాసీలియో గొట్టం మూతిని బొటనవేలితో మూసి, తలకిందులు చేసి, మళ్లీ నిలబెట్టి, కిటికీ వెలుగుకు పట్టుకున్నాడు. నీళ్లు నీలంగా తిరిగాయి. లేత నీలమైతే పురుగు చావదు, ముదురు నీలమైతే చేప చస్తుంది. ఆ రెంటి మధ్య ఉండే నీలం కోసం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇదే కిటికీ దగ్గర పద్దెనిమిదేళ్లుగా నిలబడుతున్నాడు. ఇవాళ్టి నీలం అతనికి నచ్చింది. గొట్టం కడిగి, చొక్కా అంచుతో తుడిచి, మేకుకు తగిలించాడు.

అరవై ఒక్కేళ్ల మనిషి. ఎడమకాలు నేల మీద గీత గీస్తూ వెనక వస్తుంది. ఆ కాలి చెప్పు ఎప్పుడూ ఒక పక్కే అరుగుతుంది కాబట్టి రెండేసి జతలు కొని, రెండో జతలోని ఎడమ చెప్పు దాచుకుంటాడు. తొట్లలో మందుగా మైలుతుత్తం కలిపీ కలిపీ గోళ్ల చుట్టూ ఆకుపచ్చ పట్టింది, ఎంత తోమినా పోదు. తల మాత్రం నున్నగా, ఎండకు మాడి, పొట్టు లేచి ఉంది. ఆ తల చూస్తే చాలు, షెడ్డులో పనిచేసేవాళ్లకు చేపలకు జబ్బు చేసిందని తెలిసిపోయేది.

ఎందుకంటే జబ్బు చేసినప్పుడు ఒటాసీలియో టోపీ అతని తల మీద ఉండదు, నాలుగో తొట్టి మీది మేకుకు ఉంటుంది. కర్నౌబా తాటాకుతో అల్లిన వెడల్పు అంచు టోపీ. అది అక్కడ వేలాడినన్నాళ్లు ఆ తొట్టిలో ఎవరూ వల పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు. మందు పని పూర్తయిన రోజున తనే తీసి నెత్తిన పెట్టుకుంటాడు. అప్పుడు ప్యాకింగ్ వాళ్లు సంచులు తీసుకుని వస్తారు. పలక మీద రాసి పెడదామని యజమాని ఒకసారి అన్నాడు. చదువు రాని వాళ్లే సగం మంది ఉన్న షెడ్డులో ఆ పలకను ఎవడు చూస్తాడు? టోపీని మాత్రం అందరూ చూసేవారు.

సముద్రతీరపు ఊరు ఫోర్తలేజాలో ఇలాంటి షెడ్లు అప్పుడు చాలానే ఉండేవి. సముద్రంలో పట్టిన రంగు చేపల్ని సంచుల్లో కట్టి విమానం ఎక్కించే వ్యాపారం. మిగతా షెడ్లలో పొద్దున వచ్చిన చేప సాయంత్రానికి వెళ్లిపోయేది, జబ్బుంటే కొన్నవాడి ఖర్మ. జబ్బు చేపలకు ఒక గది ఉన్నది ఇక్కడే.

ప్యాకింగ్ చూసే లిందాల్వా రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చింది. యాభై ఏళ్ల మనిషి, ముంజేతులకు రబ్బరు బ్యాండ్లు గాజుల్లా వేసుకుని తిరుగుతుంది.

"ఏంటన్నా, ఇవాళ ముఖం కడిగిన ముత్యంలా ఉంది? మూడ్రోజుల్నించీ పీక్కుపోయి తిరిగావు."

"ఛాతీ మీద ఏదో బండ పెట్టినట్టుండేది. రాత్రి దిగిపోయింది. హాయిగా ఉంది."

"ఆసుపత్రికి పోరాదా అని మొత్తుకుంటే విన్నావా?"

"చేపల డాక్టర్ని, నాకు ఇంకో డాక్టరెందుకే?"

"చేపలు ఫీజడగవని డాక్టరయ్యావు నువ్వు," అని నవ్వుకుంటూ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి జురాందీర్ వచ్చాడు. షెడ్డు అతనిదే. ఒటాసీలియోను పనిలో పెట్టుకున్నది వాళ్ల నాన్న. ఆయన పోయాక వ్యాపారం కొడుకు చేతికొచ్చింది, నడకలో తొందరొచ్చింది. వచ్చీ రాగానే నాలుగో తొట్టి గాజుకు ముక్కు ఆనించాడు.

లోపల ఇరవై రెండు పారు చేప పిల్లలు. నల్లటి ఒంటి మీద పచ్చటి పట్టీలు. వచ్చినప్పుడు నలభై, ఒంటి నిండా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు. రొప్పుతూ, గొట్టం ముక్కలకు ఒళ్లు రుద్దుకుంటూ, రోజుకు రెండూ మూడూ చొప్పున పోయాయి. ఇప్పుడు మిగిలినవాటి మీద ఒక్క చుక్క లేదు. చొక్కా గుండీలంత కళ్లతో యజమానినే చూస్తున్నాయి.

"శుభ్రంగా ఉన్నాయి కదా పెద్దాయనా. సాయంత్రం విమానానికి పంపేద్దాం."

"శుభ్రంగా ఉన్నాయనే నా భయం బాబూ. పురుగు చేపను వదిలింది గానీ తొట్టిని వదల్లేదు. అడుగున గుడ్డులా ముడుచుకుని కూర్చుంటుంది. మందు దాన్నేం చెయ్యలేదు. పగిలి పిల్లలు ఈదుతూ బయటికొచ్చినప్పుడే చావాలి. ఒక్కోదాంట్లో వందలు. ఇప్పటికే ఏదైనా చేప మొప్పల్లో దూరుంటే మనకి కనపడదు. అలా పంపితే అక్కడోళ్ల తొట్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి."

"ఎన్ని రోజులు?"

"పదకొండు."

జురాందీర్ మేకు మీది టోపీని చూశాడు. చెయ్యి ఒకసారి లేచి, జేబులోకి వెళ్లిపోయింది.

"చూడు పెద్దాయనా, నేను దాచి మాట్లాడను. ఈ గదిలో ఇంకో ప్యాకింగ్ బల్ల పడుతుంది. ఈ ఇరవై రెండూ బతికి, కొన్నవాడి దగ్గర కూడా బతికితే గది నీదే. పోయాయా, ఇంక నన్నేమీ అడక్కు. పదకొండు రోజులకి ఒక్కరోజు ఎక్కువ ఇవ్వను."

"ఒక్కరోజు తక్కువ కూడా ఇయ్యకు బాబూ."

ఆ మాట అనేసి, యజమానితో అలా మాట్లాడినందుకు ఒటాసీలియోకే చెమట పట్టింది. గది పోతే అతనికి పోవడానికి చోటు లేక కాదు. అక్క ఇంట్లో మంచం ఉంది. కానీ మచ్చ కనపడకపోతే జబ్బు పోయినట్టేనని నమ్మే మనుషుల చేతికి ఈ చేపల్ని వదిలేయడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

అతనికి కారణం ఉంది. నలభై రెండేళ్ల వరకు ఒటాసీలియో పెద్దరొయ్యలకు మునిగేవాడు. పడవ మీద గాలి యంత్రం, దానికో గొట్టం, గొట్టం కొస నోట్లో. ఒకరోజు యంత్రం దగ్గింది. పైన ఉన్న అవురీనో కంగారుపడి, ప్రాణమిత్రుణ్ని కాపాడుకోవాలని తాడు పట్టి బలంకొద్దీ ఒక్క ఊపున లాగేశాడు. ఒటాసీలియో పైకొచ్చి, నవ్వి, "నాకేమీ కాలేదురా" అని వేపుడు చేపతో అన్నం తిన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. లోతు నుంచి ఒక్కసారిగా పైకొచ్చినందుకు, రెండు గంటల తర్వాత నడుము కింద కాళ్లు చచ్చుబడ్డాయి. ఏడాదికి కుడికాలు వచ్చింది, ఎడమకాలు సగమే వచ్చింది. ఆ తర్వాత బాగున్నట్టు కనపడేదాన్ని దేన్నీ అతను నమ్మలేదు, తన ఛాతీని తప్ప.

పదకొండు గంటలకు కొత్తగా వచ్చిన పెద్ద చేపకు మంచినీళ్ల స్నానం చేయించాడు. కంటికి కనపడని జలగలు పట్టాయి దానికి. తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్న మంచినీళ్లలో వదిలి, మరియమ్మ జపం మొదలుపెట్టాడు. అతని గడియారం అదే, ఇరవై జపాలైతే స్నానం అయినట్టు. పదో జపానికి జలగలు తెల్లబడ్డాయి, పదిహేనో దానికి నూకల్లా రాలి బకెట్టు అడుగున పడ్డాయి. చేప ఒక పక్కకు వాలింది. భయపడే మనిషైతే అక్కడే తీసేస్తాడు. ఇతను నీళ్లలో అరచెయ్యి పెట్టి దాని పొట్ట కింద ఆనించి, మిగతా ఐదూ పూర్తి చేశాకే ఉప్పునీళ్లలోకి మార్చాడు. అది కాసేపు అడుగున పడుకుని, తర్వాత తోక ఊపి గొట్టం ముక్కలోకి దూరింది.

"బతుకు, బతుకు," అన్నాడు దానితో.

తర్వాత బీరు పెట్టె తిరగేసి నాలుగో తొట్టికి వీపు ఆనించి కూర్చున్నాడు. ఒళ్లో పీట పెట్టుకుని రొయ్యల్ని సన్నగా తరగడం మొదలుపెట్టాడు. గాలి బుడగల చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. పిల్లచేపలు తిండి వాసన పట్టి అతని వీపు వెనక గాజు దగ్గర గుమిగూడాయి. మూడో రొయ్య సగం తెగింది.

మధ్యాహ్నం అవురీనో చేపల డబ్బాలు మోసుకుంటూ వచ్చాడు. లిందాల్వా ఐసుకు వెళ్లింది, షెడ్డులో ఎవరూ లేరు.

"ఏరా కుంటోడా, పట్టపగలు కునుకా? నేను నీళ్లలో నానుతుంటే నువ్వు నీడలో..." దగ్గరికొచ్చి భుజం తట్టాడు. పీట జారి పడింది. రొయ్య ముక్కలు కాళ్ల దగ్గర చెల్లాచెదురయ్యాయి.

అవురీనో మోకాళ్ల మీద కూర్చుని స్నేహితుడి కళ్లు మూశాడు. ఏడవలేదు, అంత తొందరగా ఏడుపు రాలేదు. పొట్టులేచిన ఆ బోడితల మీద ఈగ వాలింది. తోలాడు, మళ్లీ వాలింది. ఇంకాసేపట్లో జనం వస్తారు, ఈ తలను అందరూ చూస్తారు అనిపించింది. పడవ మీద ఉన్నన్నాళ్లు టోపీ లేకుండా ఫోటో కూడా దిగని మనిషి. చుట్టూ చూశాడు. తొట్టి మీద మేకుకు టోపీ వేలాడుతోంది. అవురీనో పట్టిన చేపను గుమ్మం దగ్గర దింపిపోయే మనిషి, షెడ్డు లోపలి కట్టుబాట్లు అతనికి తెలియవు. టోపీ తీసి స్నేహితుడి తలకు పెట్టి, కనుబొమ్మల దాకా దించి, అప్పుడు బయటికొచ్చి కేకలు వేశాడు.

అంబులెన్సు వచ్చింది. గుండె అన్నారు. పెట్టె మీద అలాగే కూర్చుని ఉన్న ఒటాసీలియోను లిందాల్వా గుమ్మంలో నిలబడి చూసింది. టోపీ పెట్టుకుని, పని ముగించుకుని కాస్త నడుం వాల్చిన మనిషిలా ఉన్నాడు. చీర కొంగు లేని దేశంలో ఆడది ఏడుపు ఆపుకోవడానికి పని బట్టనే నోట్లో కుక్కుకుంటుంది. లిందాల్వా అదే చేసింది.

మనిషి పోయినా విమానం ఆగదు. మూడింటికి జురాందీర్ ఆఫీసులోంచి, "సిద్ధంగా ఉన్నవి సర్దెయ్యండి" అన్నాడు. లిందాల్వా తొట్ల వెంట నడిచింది. నాలుగో తొట్టి మేకు ఖాళీగా ఉంది. చేపలు నిగనిగలాడుతున్నాయి.

పోయే ముందు కూడా ఈ పని పూర్తి చేసే పోయాడు అనుకుంది. ఆ ఇరవై రెండింటినీ ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే సర్దింది. ఒక్కో చేపకు రెండేసి సంచులు, మధ్యలో కాగితం, గాలి నిండుగా, మూతికి రెండేసి బ్యాండ్లు. జీవితంలో అంత శ్రద్ధగా ఆమె ఎప్పుడూ సర్దలేదు.

బండి దగ్గర జురాందీర్ పెట్టెలు చూసి ఆగాడు. "నాలుగోదా?"

"ఆయన టోపీ పెట్టేసుకున్నాడు బాబూ. నా కళ్లతో చూశా."

జురాందీర్ పదకొండు రోజుల మాట మరిచిపోలేదు. నోటి దాకా వచ్చింది కూడా. "సరే మరి, ఆయనకి తెలుసు," అని సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున శ్మశానంలో శవపేటిక మూత వేయబోతుంటే, ఒటాసీలియో అక్క ఛాతీ మీద టోపీ సర్దింది. అంచున మైలుతుత్తం మరకలు. పక్కన నిలబడ్డ లిందాల్వా కళ్లు తుడుచుకుంటూ, "టోపీ పెట్టుకునే పోయాడు. అదృష్టవంతుడు," అంది.

"ఎక్కడ పెట్టుకున్నాడు?" అన్నాడు అవురీనో. "బోడితలతో కూర్చునున్నాడు. చూళ్లేక నేనే తెచ్చి పెట్టా."

"ఎక్కణ్నించి తెచ్చావు?"

"ఆ చేపల తొట్టి మీదనుంచి. నల్లవి, పచ్చ పట్టీలవి." ఆమె ముఖం చూసి అతను ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఏం? ఏమైంది? తప్పు చేశానా?"

అప్పటికి ఆ సంచులు సముద్రం దాటాయి. ఎవరో బ్యాండ్లు విప్పి, మిగతా చేపల మధ్య వాటిని వదులుతూ ఉంటారు. లిందాల్వా అవతల నిలబడ్డ జురాందీర్ దగ్గరికి వెళ్లి, చెయ్యి పట్టుకుని విషయం చెప్పింది. "వాళ్లకి ఇప్పుడే ఫోన్ చెయ్యి బాబూ, నీ కాళ్లు పట్టుకుంటా." అతను నేల చూస్తూ, "చేస్తాలే" అన్నాడు. చెయ్యలేదు.

ఆమె పెట్టెలోకి వంగి టోపీ తీసుకుంది. లిందాల్వా నల్లబట్టల్లోనే ఎండలో నడిచి షెడ్డుకు వచ్చింది.

వారం తిరక్కుండా ఆ గదిలో కొత్త ప్యాకింగ్ బల్ల పడింది. చేపల్లేని నాలుగో తొట్టిని మాత్రం కదపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నీలం నీళ్లలో గాలి బుడగలు లేస్తూనే ఉన్నాయి, పైన మేకుకు ఆ తాటాకు టోపీ వేలాడుతూనే ఉంది.