మూడో నొక్కు

నేను ఒక క్లాంపును. జానెడు పొడవు, రెండు సన్నటి దవడలు, వేళ్లు దూర్చడానికి రెండు ఉంగరాలు, వాటి మధ్య నొక్కేకొద్దీ ఒక్కో పన్ను బిగుసుకునే మూడు పళ్ల గొళ్లెం. డాక్టర్లు రక్తనాళాన్ని కోసి కుట్టేటప్పుడు రక్తం చిమ్మకుండా నొక్కిపట్టడం నా పని. కత్తంటే జనానికి భయం, సూదిని పసిపిల్లలు కూడా గుర్తుపడతారు. నన్ను చూసినవాడు మాత్రం పటకారు అనుకుంటాడు. అనుకోనీ. పద్దెనిమిదేళ్ల చాకిరీ తర్వాత ఇలాంటివాటికి ఉడుక్కునే ఓపిక నాకు లేదు.

ఉత్తరాదిన ఎక్కడో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. కాల్చారు, కొట్టారు, ఆకురాయితో రాశారు. చివర్లో ఒక ముసలాయన నా దవడల మీద వెంట్రుకంత గీతలు చెక్కి, నాతో తన చెవి తమ్మెను పట్టించుకుని చూశాడు. నొప్పి పెట్టకుండా, జారిపోకుండా పట్టాను. ఆయన తలాడించి డబ్బాలో వేశాడు. నన్ను మెచ్చుకున్న మనిషి ఆయనొక్కడే, ఆ మెచ్చుకోలు కూడా నోటితో కాదు.

అక్కడి నుంచి రైలెక్కి శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి చేరాను. మొదట్లో నన్ను వాడిన పెద్ద డాక్టరుగారు మెల్లగా పట్టేవారు. ఒక్క నొక్కు, మహా అయితే రెండు. మూడో పన్ను దాకా ఎప్పుడూ పోలేదు. ఆయన రిటైరయ్యాక డాక్టర్ చక్రధరం చేతికొచ్చాను. చెయ్యి మంచిదే. కాకపోతే అందరికంటే ముందు ఆ సంగతి ఆయనకే తెలుసు.

కొన్నాళ్లకు కిడ్నీలు చెడి డయాలసిస్ చేయించుకునేవాళ్లు రావడం మొదలైంది. బోరు నీళ్లు కాచి కాచి గిన్నె అడుగున తెల్లగా గట్టిపడుతుందే, వాళ్ల రక్తనాళాల్లో అలా సున్నం పడుతుంది. దారి సన్నబడుతుంది. పాదానికి రక్తం అందదు. ముందు వేలు నల్లబడుతుంది, తర్వాత కాలు మీదికొస్తుంది.

దండాసి అలాగే వచ్చాడు. ఉద్దానం వైపు మనిషి, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపేవాడు. నడుముకి మత్తుసూది వేసి కింది సగం మొద్దుబార్చారు కాబట్టి పై సగం మాట్లాడుతూనే ఉంది. అడ్డంగా కట్టిన పచ్చగుడ్డ అవతలి నుంచి అడిగాడు.

“బావూ, కాలు తీసీరు కదా?”

“తియ్యకుండా ఉండడానికే కదయ్యా ఈ తంటా అంతా,” అన్నాడు చక్రధరం.

“అది కాదు బావూ. మా ఊరికి ఒకటే బస్సు. దాని మెట్టు ఇంతెత్తుంతాది. కాలు పోతే బస్సెక్కనేను. ఎక్కకపోతే ఇక్కడికి రానేను. రాకపోతే రగతం కడగరు. మా ఆడది పుణ్యవతి బక్కపేనం, నన్ను ఎత్తగలదేటి?”

“చెట్లెక్కినవాడివి, మెట్టుకి భయపడతావా?”

“రోజుకి నలభై ఎక్కీవోణ్ణి. ఇప్పుడా మెట్టే నాకు సెట్టయిపోనాది.”

అందరూ నవ్వారు. మనుషులు అంతే. భయం అవతలివాడిదైతే మాట బాగుందని నవ్వుతారు.

పని ఏమిటంటే, దండాసి కాల్లోంచే ఒక సిరను తీసి, తొడలో రక్తం బాగా పారే చోటి నుంచి చీలమండ దాకా పక్కదారి వేయాలి. చీలమండ దగ్గర నాళాన్ని నేను నొక్కిపట్టాలి. పరికరాలు అందించే సిస్టర్ సలోమి నన్ను చేతిలోకి తీసుకుందిగానీ వెంటనే ఇవ్వలేదు.

“సార్, ఎక్స్‌రేలో ఎముక పక్కన నాళం కూడా తెల్లగా గీతలా కనపడుతోంది. అంత సున్నం ఉంటే ఇది మూయలేదేమో. మోకాలి పైన గాలిపట్టీ బిగించి చేద్దామా?”

“ఇరవయ్యేళ్లుగా క్లాంపుతోనే చేస్తున్నాను సలోమీ. ఇలా ఇవ్వు.”

ఇచ్చింది. నాళాన్ని పట్టుకున్నాను. పట్టుకోగానే తెలిసింది, ఇది నా చేతిలో పని కాదని. మెత్తగా లొంగే గోడ కాదది, చిలుము పట్టిన గొట్టం. ఒక నొక్కు వేసి, నాళానికి చిన్న గాటు పెట్టాడు. కోసిన చోట రక్తం కారుతూనే ఉంది. రెండో నొక్కు. కారుతూనే ఉంది. నాకు నోరుంటే చెప్పేదాన్ని. నోరున్న సలోమి చెప్పింది.

“సార్, చాలు సార్.”

మూడో నొక్కు వేశాడు. గుడ్డు పెంకులా పెళుక్కుమంది. సున్నపు గోడ చిట్లి, లోపలిది వెచ్చగా నా మీదికి చిమ్మింది. అంత గట్టిదాన్ని కొరకబోయి నా కుడి దవడ పక్కకి ఒరిగింది. చక్రధరం నన్ను లాగి పారేసి, ఆ చోట వేలితో అదిమిపట్టాడు.

గుడ్డ అవతలి నుంచి దండాసి, “ఏటి బావూ, అందరూ ఊసు మానీసినారు?” అన్నాడు.

సలోమి చక్రధరం వేలి పక్కన గుడ్డ అద్దింది.

“కాలు పోనాదా?”

“లేదు దండాసీ, ఇక్కడే ఉంది. నువ్వు ఊపిరి పీల్చుకో,” అంది సలోమి. గొంతు తగ్గించి, “సార్, వేలు తియ్యకండి. పట్టీ నేను ముందే చుట్టి ఉంచాను. గాలి నింపడమే,” అంది.

గుడ్డలు కప్పకముందే, ఎవరినీ అడక్కుండా మోకాలి పైన చుట్టి ఉంచిందట. బీపీ చూసే పట్టీకి కొట్టినట్టు గాలి నింపారు. పట్టీ బిగుసుకుంది. రక్తం సన్నబడింది, ఆగింది. నాలాగా నాళాన్ని కొరకదది. కాలు మొత్తాన్ని చుట్టి అదుముతుంది. ట్రేలో పడి ఉండి చూశాను. ఒక గుడ్డసంచీ నా పని చేసేసింది.

చక్రధరం వేలు తీసి చూసుకున్నాడు. “ఎంతసేపు ఉంచొచ్చు?” అని అడిగాడు. సలోమిని ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారి.

“గంట సార్.”

“ముప్పావుగంట చాలు.”

చిట్లిన ముక్కను వదిలి, కాస్త కిందికి పోయి, కొంచెం మెత్తని చోటు వెతికి కుట్టాడు. మాట తప్పలేదు. పట్టీ వదిలాక పాదం మెల్లగా వెచ్చబడింది. నల్లబడ్డ బొటనవేలు తర్వాత తీసేశారుగానీ కాలు నిలిచింది.

రిజిస్టర్లో ‘పరికరంలో లోపం’ అని రాశారు. అంటే నేను. ఒక చెయ్యి తొందరపడితే, చెయ్యి అని ఎవరూ రాయరు. నెల తిరక్కుండా సలోమిని థియేటర్ నుంచి కింద డయాలసిస్ వార్డుకి మార్చారు. కాగితం మీద ‘స్వంత కోరికపై’ అని ఉంది. ఆ కోరిక ఎవరిదో అందులో లేదు. పోతూ పోతూ పాత సామాను పెట్టెలోంచి నన్నేరి జేబులో వేసుకుంది.

ఇప్పుడు ఆమె బల్ల మీద మరమరాల పొట్లం మూతి పట్టుకుని ఉంటాను. ఒరిగిన దవడకి ఆ పని చాలు. పొట్లం మెత్తగా ఉంటుంది, అరవదు, చిట్లదు. సుఖంగా ఉందనలేను. అలవాటైంది.

దండాసి వారానికి మూడుసార్లు వస్తాడు. మొదట్లో పుణ్యవతి భుజం పట్టుకుని, తర్వాత కర్రతో, ఆ తర్వాత కర్ర లేకుండా. బస్సు మెట్టు తనే ఎక్కానని వార్డు వార్డంతటికీ చెప్పాడు. పక్క మంచం సింహాచలం ఊరుకోలేదు. “ఎక్కినావులేవో! కండట్రు దండేసినాడేటి?”

ఎండలు ముదిరాక ఒకరోజు దండాసి గంటన్నర ఆలస్యంగా వచ్చాడు. చెప్పులు, పిక్కలు ఎర్రమట్టి. వెనక పుణ్యవతి చెమటతో తడిసిపోయి ఉంది.

“ఏమైంది దండాసీ?” అంది సలోమి.

“బస్సు తీసీసినారు సిస్టరమ్మా. ఎక్కీవోలు లేరంట. నానెక్కుతన్నాను కదా, మరి నాను మనిషిని కానేటి?”

“ఎలా వచ్చావు?”

పుణ్యవతి చెప్పింది. “మెయిన్‌రోడ్డు దాకా నడిసినాడమ్మా. నాలుగు కిలోమీటర్లు. అక్కడ ఆటో దొరికినాది. కాసేపు కూకుందుం అంటే యినడు.”

సలోమి తిట్టబోయి ఆగింది. అంత కష్టపడి నిలబెట్టిన కాలు. ఎక్కించాల్సిన బస్సు లేదు. ఇలా నడిస్తే పుండుపడొచ్చు, నడవకపోతే రక్తం కడిగేవాళ్లు లేరు.

తడిగుడ్డ తెచ్చి పాదం మీది మట్టి తుడిచింది. తీసేసిన బొటనవేలి మచ్చ బయటపడింది. పుండు లేదు. కొత్త నాళం పారే చోట రెండు వేళ్లు పెట్టి కళ్లు మూసుకుంది. సింహాచలం కూడా మంచం మీంచి తల ఎత్తి చూశాడు.

“కొడతందా?” అన్నాడు దండాసి.

ఆమె ఇంకాసేపు వేళ్లు తియ్యలేదు.

“కొడుతోంది.”

“అయితే ఎల్లుండీ వత్తాను,” అన్నాడు దండాసి, సూది కోసం చెయ్యి చాపుతూ. “ఎండెక్కకముందే బయల్దేరిపోతాం. ఏటే?”

పుణ్యవతి చెప్పుల మట్టి దులుపుతూ ఊఁ అంది.